వెంట్లు కడిగాను, హజార్డ్ లైట్లు వాటంతటవే వెలిగాయి: 19 రోజుల రిపేరు డైరీ

ముందే ఒప్పేసుకుంటున్నాను, కారు ఏసీ వెంట్లను షాంపూ నీళ్లతో కడిగింది నేనే. ఆ సాయంత్రం నుంచి హజార్డ్ లైట్లు (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి) వాటంతటవే వెలగడం, డోర్ లాకులు టకటకా కొట్టుకోవడం, మూడో రోజుకి బ్యాటరీ పడుకోవడం. ఇదంతా సర్దుకునేసరికి 19 రోజులు, 3,020 రూపాయలు అయ్యాయి. మొదటి రోజే సరిగ్గా చేసి ఉంటే ఒక మధ్యాహ్నం, 500 రూపాయల లోపు పని. ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో రాసుకుంటూ వచ్చాను కాబట్టి, మీరు ఆ చోట్లన్నీ దాటుకుని నేరుగా దశ 5కి వెళ్లిపోవచ్చు.

బండి 2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. బ్యాటరీ 12 వోల్టులు, 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే ఎంత చార్జ్ పడుతుందనే లెక్క), కొని 14 నెలలు. ఉండేది చెన్నై పెరంబూరులో, అపార్ట్‌మెంట్ కింద స్టిల్ట్ పార్కింగ్. నవంబరు మొదటి ఆదివారం మొదలైంది కథ, అంటే ఈశాన్య రుతుపవనాల ముసురు మధ్యలో. ఈ సంగతి తర్వాత చాలా అవసరపడుతుంది.

డ్యాష్‌బోర్డు మధ్యలో రెండు వెంట్లు, వాటి మధ్య హజార్డ్ స్విచ్, దాని పక్కనే డోర్ లాక్ బటన్. రెండూ ఒకే చిన్న బోర్డు మీద ఉంటాయి. దాని కింద మ్యూజిక్ సిస్టమ్, ఇంకా కింద ఏసీ నాబులు. వెంటులో పడిన నీళ్లు కిందికి దిగితే మొదటి మజిలీ ఆ బోర్డే. ఇది కడిగే ముందు తట్టలేదు.

దశ 1: తడి (రోజులు 1, 2)

అర లీటరు స్ప్రే బాటిల్లో నీళ్లు, రెండు మూతలు కార్ షాంపూ, ఒక అంగుళం పెయింట్ బ్రష్. నీళ్లు మొహం మీద చిమ్ముతాయని బ్లోయర్ ఆపేసి మరీ కొట్టాను. మొదలుపెట్టినప్పుడు బాటిల్లో 500 మి.లీ., ముగించేసరికి 340. 160 మి.లీ. ఖర్చయింది, గుడ్డ పిండితే సగం కూడా రాలేదు. మిగతా సగం ఎక్కడికి పోయిందని ఆ క్షణాన నన్ను నేను ఒక్కసారి అడిగి ఉంటే ఈ డైరీ ఉండేది కాదు.

రాత్రి 7:10కి వాచ్‌మన్ ఇంటర్‌కామ్‌లో పిలిచాడు, "సార్, ఉంగ కార్ లైట్ ఎరియుదు" (మీ కారు లైటు వెలుగుతోంది) అని. దిగి చూస్తే తాళం నా జేబులో ఉంది, నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటున్నాయి. స్విచ్ నొక్కితే ఆగాయి. మెట్లెక్కి పైకి వచ్చేలోపే మళ్లీ మొదలు. అన్నం తింటుంటే కింద నుంచి లాకుల చప్పుడు. "ఏమండీ, కారు మిమ్మల్నే పిలుస్తున్నట్టుంది" అంది మా ఆవిడ, నవ్వు ఆపుకోకుండానే.

ఆరితే అదే సర్దుకుంటుందిలే అని పడుకున్నాను. రెండో రాత్రీ అంతే. మొత్తం 19 రోజుల్లో ఖరీదైన తప్పు ఇదే. ఉత్త తడి అయితే ఆరిపోయేది. తడి ఉండగా 12 వోల్టులు కూడా అక్కడే ఉంటే రాగి గీతల్ని తినేస్తూ పోతుంది, ఇత్తడి చెంబుకి పట్టినట్టు పచ్చగా చిలుము పడుతుంది. బ్యాటరీ ఊడదీసి ఉంటే ఆ రెండు రాత్రులూ బోర్డుకి ఏమీ అయ్యేది కాదు.

మీ డ్యాష్‌బోర్డులోకి ఇప్పుడే నీళ్లు పోయి ఉంటే, మిగతాది చదివే ముందు ఇవి చేయండి:

1. తాళంచెవి జేబులో పెట్టుకోండి. సీటు మీద పెట్టొద్దు. లాకులు పిచ్చిగా ఆడుతున్నప్పుడు అది లోపల, మీరు బయట మిగలొచ్చు.
2. మ్యూజిక్ సిస్టమ్‌కి కోడ్ అడిగే రకమైతే కోడ్ కాగితం వెతికి పెట్టుకోండి.
3. 10 ఎం.ఎం. స్పానర్‌తో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ముందు తీయండి, మళ్లీ తగలకుండా గుడ్డ చుట్టండి.
4. స్విచ్‌లు నొక్కి నొక్కి చూడొద్దు. నొక్కేకొద్దీ నీళ్లు ఇంకా లోపలికి పోతాయి.

ఖర్చు 0. పని గంటలు 1, దాన్ని పని అనగలిగితే. (ప్రతి దశ చివరా రాసేది అప్పటిదాకా అయిన మొత్తం.)

దశ 2: బ్యాటరీ ఎందుకు పడుకుంది (రోజులు 3, 4)

మూడో రోజు పొద్దున తాళం తిప్పితే కట్ కట్ అని ఆగిపోయింది. బ్యాటరీ మీద 11.74 వోల్టులు. బాగున్న బ్యాటరీ రాత్రంతా ఊరికే ఉంటే 12.6 దగ్గర చూపించాలి.

హజార్డ్ లైట్ల లెక్క వేశాను. ఒక్కోటి 21 వాట్లు, నాలుగు కలిపితే 84. వెలిగినప్పుడు 7 ఆంపియర్లు, సగం సేపే వెలుగుతాయి కాబట్టి సగటున 3.5. అంటే గంటకి 3.5 ఏహెచ్ పోయినట్టే. రెండు రాత్రుల్లో మూడు నాలుగు గంటలు వెలిగి ఉంటే సగం కథ అక్కడే అయిపోయింది. కానీ లైట్లు ఆరి ఉన్నప్పుడు కూడా ఏదో తాగుతోందా? అది తేల్చాలంటే మీటర్ పెట్టాలి.

పక్కింటివాళ్ల చార్జర్‌తో రాత్రంతా చార్జ్ చేసి, నాలుగో రోజు కొలిచాను:

1. బానెట్ తెరిచి, డ్రైవర్ డోర్ తెరిచే ఉంచి, డోర్ లాచ్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసిన స్థితికి నెట్టాను. కారుకి డోర్ మూసి ఉన్నట్టే అనిపించాలి, లేకపోతే దాని ఎలక్ట్రానిక్స్ నిద్రపోదు.
2. మల్టీమీటర్ ఎర్ర వైరుని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చాను.
3. నెగటివ్ కేబుల్ తీసి, కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య మీటర్‌ని పెట్టాను.
4. 30 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేశాను.

మూడో మెట్టు తర్వాత నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, అలవాటుగా లోపల కూర్చుని తాళం తిప్పడం. స్టార్టర్ లాగేది వంద ఆంపియర్ల పైన. మీటర్ లోపలి ఫ్యూజు టప్‌మంది. కొత్త ఫ్యూజు 60 రూపాయలు, ఒక పూట వృథా.

రెండోసారి 30 నిమిషాల తర్వాత 0.31 ఆంపియర్లు. మామూలుగా ఇది 0.05 దాటకూడదు. 0.31 అంటే రోజుకి 7.4 ఏహెచ్. 35 ఏహెచ్ బ్యాటరీ ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

ఏ సర్క్యూట్ తాగుతోందో తెలుసుకోవడానికి ఫ్యూజులు పీకలేదు, పీకి పెడితే నిద్రపోయిన మాడ్యూళ్లు (కారులోని కంట్రోల్ పెట్టెలు) మళ్లీ లేస్తాయి. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి, మీటర్‌ని మిల్లీవోల్టుల్లో పెట్టి ఆ రెంటి మీద ఆనించాలి. కరెంటు పారని ఫ్యూజు మీద 0.0 వస్తుంది. 20కి పైగా ఫ్యూజుల్లో రెంటి మీదే అంకె కదిలింది. ఒకటి గడియారం, మ్యూజిక్ మెమరీది, చాలా కొంచెం. రెండోది బీసీఎంది, బాగా ఎక్కువ. బీసీఎం అంటే ఇండికేటర్లు, లాకులు, అద్దాలు చూసుకునే పెట్టె. దాన్ని ఎవరో రాత్రంతా లేపుతున్నారన్నమాట.

ఖర్చు 60. పని గంటలు 6.

దశ 3: ఆరబెట్టడం, మళ్లీ ఆరబెట్టడం (రోజులు 4 నుంచి 7)

ప్యానెల్ ఊడదీయడానికి భయం. అందుకే పైపైనే ఆరబెడదామని చూశాను.

హెయిర్ డ్రయ్యర్: వేడి ఎక్కువలో పెట్టి వెంటుకి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకున్నాను. రెండు నిమిషాలకి ఎడమ వెంట్ రెక్క ఒకటి అప్పడంలా వంగింది, అది ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత చల్లగాలిలో పెట్టి 40 నిమిషాలు.

అద్దాలు దించి వదిలేయడం: చెన్నైలో నవంబరులో ఇది పనిచేయదు. 280 పెట్టి చిన్న తేమ మీటరు కొని కారులో పెడితే పొద్దున 6కి 91 శాతం చూపించింది. బయటి గాలే అంత తడిగా ఉంటే అద్దం దించి ఏం లాభం?

నిజంగా తేమ తీసింది ఏసీయే. బండిని బయట ఖాళీ చోటికి తీసుకెళ్లి (స్టిల్ట్ కింద ఇంజన్ ఆన్ చేసి కూర్చోవద్దు, పొగ అక్కడే తిరుగుతుంది), ఏసీ ఆన్‌లోనే ఉంచి టెంపరేచర్ నాబ్‌ని వేడి వైపు తిప్పి, గాలి లోపలే తిరిగేలా పెట్టాను. 25 నిమిషాల్లో 88 నుంచి 46 శాతానికి దిగింది. ఆ రోజు మధ్యాహ్నం హజార్డ్ ఒక్కసారీ వెలగలేదు, డ్రెయిన్ (బండి ఊరికే ఉన్నప్పుడు బ్యాటరీలోంచి పోయే కరెంటు) 0.02 ఆంపియర్లకి పడిపోయింది. అయిపోయిందనుకుని ఇంట్లో స్వీట్ కూడా తెచ్చాను.

తెల్లవారి 5:40కి మళ్లీ వాచ్‌మన్ ఫోన్.

అప్పుడు చేసిన మరో పిచ్చిపని, తుప్పు వదిలించే స్ప్రే కొని సన్నని గొట్టంతో స్విచ్ సందులోంచి లోపలికి కొట్టడం. "నీళ్లను తోసేస్తుంది" అని డబ్బా మీద ఉంది కదా అని. నిజమే, తోస్తుంది. కానీ వెనక నూనె పొర వదిలిపెడుతుంది, ఆ పొర దుమ్మంతా పట్టుకుంటుంది. స్విచ్ నొక్కితే జిగురుగా లోపలికి పోయి బద్ధకంగా పైకి రావడం మొదలుపెట్టింది. స్విచ్‌లకి వాడాల్సింది ఇది కాదు, కాంటాక్ట్ క్లీనర్ అని వేరే ఉంటుంది, ఆరిపోయి ఏమీ మిగల్చదు.

ఖర్చు 520. పని గంటలు 13.

దశ 4: ఊళ్లోవాళ్ల సలహాలు (రోజులు 8 నుంచి 10)

మా పై అంతస్తు బాబాయి గారు ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ)లో వైరింగ్ చేసి రిటైరయ్యారు. ఆయనకి కరెంటు జబ్బులన్నిటికీ ఒకటే మూలం. "అబ్బాయ్, ఎర్త్ చూడు. ఎర్త్ వదులైతే దయ్యాలు ఆడతాయి." కాదనలేక చూశాను. హెడ్‌లైట్లు వేసి బ్యాటరీ నెగటివ్‌కీ బాడీకీ మధ్య వోల్టేజి కొలిస్తే 0.03. బాగానే ఉంది. ఆయన మొహంలో కొంచెం నిరాశ కనిపించింది, కానీ ఈ కొలత తీసి పక్కన పెట్టుకోవడం మంచిదే. ఎవరైనా ఎర్త్ అంటే అంకె చూపించొచ్చు.

ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి నీళ్లు లోపలే నిలుస్తున్నాయేమో అన్నది నా సొంత అనుమానం. పైపు కింద ఐస్‌క్రీమ్ డబ్బా పెట్టి ఏసీ 20 నిమిషాలు నడిపితే 260 మి.లీ. పడింది. పైపు శుభ్రంగా ఉంది, పక్క సీటు కింద కార్పెట్ కూడా పొడిగానే ఉంది. డ్రెయిన్ పైపు ఈ కేసులో నిర్దోషి.

మ్యూజిక్ సిస్టమ్ రెండుసార్లు ఆగి మళ్లీ మొదలైంది కాబట్టి దాంట్లోకి కూడా నీళ్లు పోయాయని ఒక రోజంతా దిగులుపడ్డాను. రెండుసార్లూ బ్యాటరీ 11.8 లోపు ఉన్నప్పుడే అలా అయిందని నోట్స్‌లో కనిపించింది. చార్జ్ చేశాక మళ్లీ అలా కాలేదు. తక్కువ వోల్టేజిలో కనిపించే జబ్బుల్ని నమ్మొద్దు, 12.4 పైన ఉన్నప్పుడు చూసినవే లెక్క.

పదో రోజు ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. కుర్రాడు స్కానర్ పెట్టి, "తణ్ణి పోయిరుక్కు సార్" (నీళ్లు పోయాయి) అని సరిగ్గానే చెప్పాడు. కానీ లోపల ఎస్టిమేట్ రాసినాయన బీసీఎం మార్చాలి, 14,500 అన్నారు. స్విచ్ ఊడదీసి చూశారా అంటే, అది తర్వాత చూద్దాం అన్నారు. చూసినందుకు 600 ఇచ్చి బయటపడ్డాను. నిద్రపోతున్నవాణ్ణి ఎవరో తడుతుంటే తట్టేవాణ్ణి వదిలేసి నిద్రపోయేవాణ్ణి మార్చడం ఏం వైద్యం?

ఖర్చు 1,120. పని గంటలు 18.

దశ 5: ప్యానెల్ బయటికి (రోజులు 11 నుంచి 13)

ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్ సెట్ 220. స్క్రూడ్రైవర్‌తో చేయొద్దు, మొదట అలా చేసే ఒక క్లిప్ విరగ్గొట్టాను. పాత ఏటీఎం కార్డు కూడా పనికొస్తుంది.

1. బ్యాటరీ నెగటివ్ తీసి 10 నిమిషాలు ఆగండి. డ్యాష్‌బోర్డులో పసుపు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లొద్దు, మీటర్ పట్టుకుని అయితే అసలే వద్దు.
2. చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించండి, గీతలు పడవు.
3. మా బండిలో కింది అంచు నుంచి మొదలుపెడితే సులువుగా వచ్చింది. నేను పై నుంచి లాగాను, విరిగింది అందుకే.
4. పూర్తిగా లాగేయకండి, వెనక వైర్లు పొట్టిగా ఉంటాయి. వేలితో కనెక్టర్ నాలుక నొక్కి విడదీయండి.
5. విడదీసే ముందు ఫోటో.

కనెక్టర్ విడదీసి, బ్యాటరీ మళ్లీ పెట్టి డ్రెయిన్ కొలిచాను. 0.022. కనెక్టర్ తగిలిస్తే 0.31. విడదీస్తే మళ్లీ 0.022. పది రోజులుగా వెతుకుతున్న దొంగ అరచేతిలో ఉన్నాడు.

మా కారులో ఈ స్విచ్ గుండా బల్బుల కరెంటు పోదు. బీసీఎం ఒక వైరు మీద వోల్టేజి పెట్టి చూస్తూ ఉంటుంది, నొక్కితే ఆ వైరు ఎర్త్‌కి కలుస్తుంది, వోల్టేజి పడిపోతుంది, "ఓహో నొక్కారు" అనుకుంటుంది. స్విచ్ లేనప్పుడు ఆ వైరు మీద 12.2 వోల్టులు ఉంది. తేమగా ఉన్న స్విచ్ తగిలిస్తే 5 నుంచి 8 మధ్య ఊగుతోంది. దానికి నొక్కినట్టా, నొక్కనట్టా అర్థంకాక కాసేపు అటు, కాసేపు ఇటు.

కనెక్టర్ విడదీసే ఉంచి, బోర్డుని డ్యాష్‌బోర్డు మీదే పెట్టి రెండు రోజులు కొలతలు రాశాను. హజార్డ్ స్విచ్ నొక్కకుండా, రెండు పిన్నుల మధ్య రెసిస్టెన్స్. బాగున్న స్విచ్ ఓఎల్ చూపించాలి, అంటే కరెంటుకి దారి లేదని.

రోజు 11, సాయంత్రం 6, తేమ 79 శాతం: 31 కిలోఓమ్‌లు
రోజు 12, పొద్దున 6, తేమ 92 శాతం: 3.4 కిలోఓమ్‌లు
రోజు 12, మధ్యాహ్నం 2, తేమ 57 శాతం: ఓఎల్
రోజు 12, రాత్రి 10, వాన, తేమ 86 శాతం: 12 కిలోఓమ్‌లు
రోజు 13, పొద్దున 6, తేమ 91 శాతం: 3.8 కిలోఓమ్‌లు

ఈ ఐదు వరుసలు వరుసగా చూసినప్పుడు గానీ బుర్ర వెలగలేదు. వెంట్లలో నేను పోసిన నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. మధ్యాహ్నం ఓఎల్ వస్తోంది కదా. మరి కొత్త నీళ్లు పోయకుండానే పొద్దున ఎందుకు పడిపోతోంది? గాలిలోంచి తేమని ఏదో పిలిచి కూర్చోబెడుతోంది.

బోర్డుని ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూశాను. బస్ టికెట్టంత ఉంటుంది. మీద నల్లటి నూనె బురద, అది నా స్ప్రే పుణ్యం. అడుగున మాత్రం పిన్నుల చుట్టూ తెల్లటి వలయాలు, గిన్నెలో పాలు ఆరిపోతే అంచున మిగులుతుందే, అలా. లాక్ బటన్ వైపు ఒక పిన్ను మొదట్లో ఆవగింజంత పచ్చ చిలుము. మెడికల్ షాపు డ్రాపర్‌తో ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి, పిల్లల టూత్‌బ్రష్ పోచలతో మెల్లగా కదిపాను. చుక్క అంచున చిన్న చిన్న బుడగలు లేచాయి. ఇంకొంచెం కదిపితే తెల్లగా నురగ. కడిగిన పదమూడు రోజులకి, అన్నిసార్లు ఆరబెట్టాక, బోర్డు మీద షాంపూ నురగ కడుతోంది.

ఆరబెట్టినంతసేపూ నేను నీళ్లనే తీస్తున్నాను, షాంపూ అలాగే ఉంది. దాంట్లోని లవణాలు, జిగురు పదార్థాలు రాత్రి తేమని పీల్చుకుని కరెంటుకి దారి వేస్తున్నాయి. వానాకాలం ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టే. ఉత్త నీళ్లతో కడిగి ఉంటే బహుశా రెండో రోజే సర్దుకునేది.

ఖర్చు 1,370 (డిస్టిల్డ్ వాటర్ 30). పని గంటలు 24.

దశ 6: మళ్లీ కడగడం (రోజు 14)

తడి వల్ల పాడైనదాన్ని మళ్లీ నీళ్లలో పెట్టాలంటే చెయ్యి రాదు. కానీ షాంపూని వదిలించేది నీళ్లే, ఆల్కహాల్ కాదు. ఆల్కహాల్ పని ఆ తర్వాత మిగిలిన నీళ్లని వెంటబెట్టుకుని పోవడం. రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ సామాన్ల కొట్లో 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (ఐపీఏ) అర లీటరు 240కి, కాంటాక్ట్ క్లీనర్ 410కి దొరికాయి. ఇంట్లో ఉన్న చేతుల శానిటైజర్ వాడొద్దు, చాలావాటిల్లో గ్లిజరిన్ ఉంటుంది, అదీ తేమని పట్టే సరుకే.

1. బోర్డు పూర్తిగా కారు బయటికి. వాకిట్లో, గాలి ఆడేచోట. పక్కన పొయ్యి, అగరొత్తి, హెయిర్ డ్రయ్యర్ ఏవీ ఉండకూడదు, ఐపీఏ ఇట్టే అంటుకుంటుంది.
2. నూనె బురద పోయేదాకా ముందు కాంటాక్ట్ క్లీనర్. నేను స్ప్రే కొట్టకుండా ఉంటే ఈ మెట్టు అక్కర్లేదు.
3. డిస్టిల్డ్ వాటర్, మెత్తని టూత్‌బ్రష్, నురగ రావడం ఆగేదాకా. నాకు నాలుగుసార్లు పట్టింది. కుళాయి నీళ్లు వద్దు, మా బోరు నీళ్లకి బకెట్ అంచునే తెల్లగా పేరుకుంటుంది.
4. ఐపీఏలో రెండుసార్లు ముంచి బ్రష్. రెండోసారి కొత్త ఐపీఏ.
5. హజార్డ్ స్విచ్ లోపలి భాగం విప్పడానికి రాదు కాబట్టి, సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి 30 సార్లు నొక్కాను. మొదటి పది నొక్కులకి నల్లటి నీరు కారింది.
6. ఫ్యాను కింద నీడలో 4 గంటలు.
7. కనెక్టర్‌లో ఆడ పిన్నుల వైపు కూడా ఇదే, బ్యాటరీ తీసే ఉంచి.

సాయంత్రం ఓఎల్. దాన్ని నమ్మలేదు, మధ్యాహ్నాలు ఎప్పుడూ ఓఎల్ అనే మోసం చేశాయి. మర్నాడు పొద్దున 6కి, తేమ 93 శాతం ఉండగా చూస్తే అప్పుడూ ఓఎల్.

కానీ లాక్ బటన్ నొక్కితే ఒకసారి 400 ఓమ్‌లు, ఒకసారి 2 కిలోఓమ్‌లు, ఒక్కోసారి అసలు కలవడం లేదు. చిలుము గోకితే దాని కింద రాగి గీత వెంట్రుకంత కూడా మిగల్లేదు. అక్కడ వైరు ముక్క సోల్డర్ చేయబోతే గీత మొత్తం పెచ్చులా లేచి వచ్చింది. బ్యాటరీ తీయకుండా పడుకున్న ఆ రెండు రాత్రుల బిల్లు అది.

ఖర్చు 2,020. పని గంటలు 27.

దశ 7: పుదుపేట (రోజులు 15, 16)

కొత్త ప్యానెల్ వారంపైన పడుతుందన్నారు. పుదుపేట అంటే తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి ఒక్క మాట: చెన్నైలో విప్పేసిన కార్ల సామాన్లన్నీ చేరే చోటు, సందుల్లో డోర్లు పుస్తకాల్లా పేర్చి ఉంటాయి. నేను ఫోనులో ఫోటో చూపించి అచ్చం అలాగే ఉన్న ప్యానెల్ 350కి తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే మొహం ఒకటే, వెనక పిన్నులు మాత్రం వేరు. నాది 8 పిన్నులది, అది 6. వాపసు లేదు.

మర్నాడు పాత ముక్క జేబులో, మల్టీమీటర్ సంచిలో పెట్టుకుని వెళ్లాను. కొట్టాయన "నంబర్ ఎన్న సార్" అన్నాడు. ప్యానెల్ వెనక అచ్చు వేసిన పార్ట్ నంబరు చూపిస్తే లోపల నుంచి మూడు తెచ్చాడు. అక్కడే మెట్టు మీద కూర్చుని మూడిటినీ కొలిచాను. ఒకదాంట్లో హజార్డ్ నొక్కకుండానే 60 కిలోఓమ్‌లు. దాని పాత యజమాని కూడా వెంట్లు కడిగే రకమే అయ్యుంటాడు. ఓఎల్ వచ్చిన రెండిట్లో క్లిప్పులన్నీ ఉన్నది తీసుకున్నాను, 600 చెప్పి 500కి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చాక దాన్ని కూడా డిస్టిల్డ్ వాటర్, ఐపీఏ రెండిట్లోనూ కడిగాను. కనెక్టర్ రబ్బరు అంచుకి డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని రకం) పలచగా రాశాను, 150. పిన్నులు కలిసే చోట పూయలేదు, అంచుకే.

ఖర్చు 3,020. పని గంటలు 34.

దశ 8: నమ్మకం కుదిరేదాకా (రోజులు 17 నుంచి 19)

బ్యాటరీ చాలాసేపు తీసి ఉంచాక తగిలిస్తే కొన్ని కొత్త జబ్బులు వచ్చినట్టు అనిపిస్తుంది, కంగారు పడొద్దు. డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుకి పైకి పోవడం మానేసింది. పూర్తిగా పైకి లేపి బటన్‌ని కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే మళ్లీ నేర్చుకుంది. మొదటి రోజు ఐడ్లింగ్ కొంచెం ఎగుడుదిగుడుగా ఉంది, రెండోరోజుకి సర్దుకుంది. గడియారం 12:00 దగ్గర కూర్చుంది, దాన్ని మనమే దిద్దాలి.

వాన వచ్చేదాకా ఆగే ఓపిక లేక కారులోనే వాన తెప్పించాను. తడి తువ్వాలు రెండు వెనక సీటు మీద పరిచి, అద్దాలన్నీ బిగించి రాత్రంతా వదిలేశాను. పొద్దున లోపలి అద్దాల మీద నీళ్లు కారుతున్నాయి, తేమ మీటరు 97 దగ్గర నిలబడింది.

హజార్డ్ సిగ్నల్ వైరు, స్విచ్ తగిలించి ఉండగా: 12.4 వోల్టులు, ఊగడం లేదు
డ్రెయిన్, 30 నిమిషాల తర్వాత: 0.021 ఆంపియర్లు
బ్యాటరీ, రాత్రంతా ఊరికే ఉన్నాక: 12.58 వోల్టులు
వాచ్‌మన్ ఫోన్లు: 0

పంతొమ్మిదో రోజు నెల్లూరు వెళ్లి వచ్చాం, పోనురాను 350 కిలోమీటర్ల లెక్క, దార్లో సూళ్లూరుపేట దాటాక జోరువాన. లాకులు, లైట్లు, పాటలు అన్నీ బుద్ధిగా ఉన్నాయి. మా ఆవిడ మాత్రం హజార్డ్ స్విచ్ వైపు అప్పుడప్పుడూ ఓరగా చూస్తూనే ఉంది.

ఇంకా మిగిలినవి: వంగిన రెక్క, విరిగిన క్లిప్ (ఆ మూల స్పీడ్ బ్రేకర్ దగ్గర కిర్రుమంటుంది), 6 పిన్నుల ప్యానెల్ ఒకటి (ఆ బండి ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఇచ్చేస్తాను). కుడి చివరి వెంట్ ఆ ఆదివారం కడగకుండానే మిగిలిపోయింది, దుమ్ము అలాగే ఉంది. ఈసారి బ్లోయర్ 1లో తిరుగుతుండగా, పొడి బ్రష్‌తో, తడి చేస్తే గుడ్డనే తడిపి బాగా పిండి తుడుస్తాను. స్ప్రే బాటిల్ అయితే కనిపించడం లేదు, మా ఆవిడ దాచేసినట్టుంది.